పెరటి కొలిమిలో కోనసముద్రపు ఉక్కు

వంటయింటిలో కత్తిపీట మొద్దువారిన దినమున ఇల్లాలికి కలుగు విసుగు ఎట్టిదో మన శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. వీధిలో సానపట్టువాని కేక వినబడువరకు ఆ విసుగు తీరదు. అతడు వచ్చి, చక్రము త్రిప్పి, నిప్పురవలు రాల్చి, రెండు నిమిషములలో వాదరను తిరిగి తెచ్చి యిచ్చి పోవును. ఆ రెండు నిమిషముల పని వెనుక నున్న చరిత్రను తెలిసికొనవలెనని మేము కొంతకాలముగా ప్రయత్నించుచున్నాము. అందుకు మాకు మొదట దారి చూపినవారు చరిత్రకారులు కారు. తోటపనియో, ఓడపనియో, గుఱ్ఱములకు లాడములు కొట్టు పనియో చేసికొనుచు, తీరిక వేళలలో ఇంటి పెరటిలో కత్తులు చేసికొన్న కొందరు అమెరికా గృహస్థులు. వారి కథ పట్టుకొని బయలుదేరిన మేము తుదకు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము అను పల్లెకు చేరితిమి. ఎట్లు చేరితిమో చెప్పుటయే ఈ ప్రసంగము.

1937వ సంవత్సరమున మిషిగన్ రాష్ట్రములోని వాలూన్ సరస్సు తీరమున ఒకడు పడవకు పట్టియున్న పాత రంగును కత్తితో గీకుచుండెను. ఫ్లారిడాలో నారింజతోటలు గల రాండల్ అను గృహస్థు ఆ దారిని పోవుచు నిలిచి చూచెను. అంత గీకినను కత్తి వాదర చెక్కుచెదరలేదు. అది మిషిగన్‌లోనే ఒంటరిగా నివసించుచు చేతితో కత్తులు చేయు స్కేగెల్ అను పనివాడు చేసినది. రాండల్ ఆ కత్తిని అక్కడికక్కడే కొని, ఇంటికి పోయి, అటువంటిదానిని తానే చేయవలెనని పూనుకొనెను. మొదట అది కేవలము వినోదము. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి, 1942 మొదలుకొని సైనికులు ఒకరిని చూచి ఒకరు ఉత్తరములు వ్రాయసాగిన పిమ్మట, ఆ వినోదము కాస్త వృత్తియై, కోరినవారు నెలల తరబడి వేచియుండవలసిన స్థితి వచ్చెను.

అట్లు వేచియుండుటకు ఇష్టపడని వాడు లవ్‌లెస్ అను నావికుడు. 1953-54 ప్రాంతమున అతడు న్యూయార్కు దుకాణములో రాండల్ కత్తి అడుగగా, తొమ్మిది నెలలు ఆగవలెనని చెప్పిరట. అతడు పాత యినుప సామానుల దిబ్బనుండి 1937 నాటి ప్యాకార్డు మోటారుకారు స్ప్రింగు ముక్కను ఏరి తెచ్చి, ఓడ వంటగదిలోని నూనెపొయ్యిమీద కాచి, తన కత్తి తానే చేసికొనెను. తరువాత కాలమున ఇతడే ఆ విద్యకు పెద్ద గురువయ్యెను. కొలిమిగాని దాగలిగాని లేనివారు సైతము, ఉక్కుబద్దను కోసి, ఆకురాయితోను సానచక్రముతోను అక్కరలేని భాగము తీసివేసి కత్తిని రూపొందింపవచ్చునని ప్రచారము చేసినవాడు ఇతడు. 1977లో బార్నీ అను సహరచయితతో కలసి కత్తులు చేయు విధానమును గూర్చి అతడు ప్రకటించిన పుస్తకము ఎన్ని యిండ్ల పెరళ్లలో బల్లలు వేయించినదో లెక్కకట్టుట కష్టము. అంతకు ముందే, 1970లో, ఇట్టి పనివారు తమకొక సంఘము ఏర్పరచుకొనియుండిరి.

ఈ పని చదువుటకు తేలిక, చేయుటకు కాదు. మెత్తని స్థితిలోనున్న ఉక్కుబద్దను కత్తి ఆకారమునకు కోసి, ఆకురాయితో వాదర వాలును తీసి, పిడిచెక్కలకు రంధ్రములు వేయుదురు. ఇంతవరకు ఓపిక యున్న ఎవరైనను చేయగలరు. పిమ్మట నిప్పుతో పని. కత్తిని ఎఱ్ఱగా కాల్చి, అయస్కాంతమును చూపి పరీక్షింతురు. సుమారు 770 డిగ్రీల వేడిలో ఇనుము అయస్కాంతమునకు అంటుకొనుట మానును. అది చూచుకొని, మరికొంత వేడి యిచ్చి, కత్తిని నూనెలో ముంచుదురు. అప్పుడు అది గాజువలె గట్టిపడును. గాజువలెనే పెళుసు కూడ నగును, క్రింద పడినచో విరుగును. ఆ పెళుసుతనము తగ్గుటకు, రొట్టెలు కాల్చు పొయ్యిలో సుమారు 200 డిగ్రీల వేడిలో గంటో రెండు గంటలో ఉంచుదురు. శుభ్రపరచిన లోహము మీద ఎండుగడ్డి రంగు వచ్చినచో పని కుదిరినట్లు. ఇల్లాండ్రు ఆ పొయ్యిని గూర్చి ఏమనుకొందురో పుస్తకములలో వ్రాయలేదు.

మేమును ఒకమారు ఈ సాహసమునకు దిగితిమి. సంతలో పాత యినుము అమ్ము దుకాణమున ఒక పాత కత్తి దొరకినది. పిడి పుచ్చిపోయినది, అలుగు నిండ త్రుప్పు. కిరసనాయిలులో నానవేసి, ఇటుకపొడితో తోమగా, లోపల చక్కని లోహము బయటపడినది. అంతటితో ఆగక, తొందరపడి విద్యుత్తుతో తిరుగు సానచక్రమునకు పట్టితిమి. వాదర పొడుగున నెమలికంఠము వంటి నీలిరంగు దేలినది. చూచుటకు ఎంతో అందముగా నున్నందున మురిసితిమి కూడ. మరునాడు వంకాయ కోయబోగా వాదర మడతపడినది. దానిని మా యెరుకలోని వృద్ధుడగు కమ్మరికి చూపగా, “నీలం తిరిగిందంటే మెత్తబడ్డట్టేనండి. చక్రం కాదు బాబూ, నీళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యాల్సిన పని ఇది” అని నవ్వి, మరల కాచి, ముంచి, పదును నిలిపి యిచ్చెను. ఆయన కొలిమిపాకలో పగటివేళ సైతము చీకటిగా నుండుటను మేము ఏండ్ల తరబడి గమనించుచునే యుంటిమి. పేదరికము వలన అనుకొంటిమి. ఇనుము రంగును సరిగా పోల్చుకొనుటకు ఆ చీకటి కావలెనని ఆనాడే తెలిసినది. ఆయనకు అయస్కాంతముతో పనిలేదు. మోదుగుపూవు రంగు వచ్చినదా, ఇంకను గురిగింజ రంగులోనే యున్నదా అని కన్నే చెప్పును.

కత్తికి నీరు పట్టించుట మన దేశమున ఎంత ప్రాచీనమైన శాస్త్రమో వరాహమిహిరుని బృహత్సంహిత చూచినచో తెలియును. ఆరవ శతాబ్దికి చెందిన ఆ గ్రంథమున ఖడ్గలక్షణమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమున్నది. అందు అరటి భస్మమును మజ్జిగలో కలిపి, ఒక దినము నిలువయుంచి, దానితో అలుగుకు నీరు పట్టించు పద్ధతి చెప్పబడినది. అట్లు చేసిన కత్తి రాతిమీద విరుగదనియు, ఇతర లోహములమీద మొద్దువారదనియు ఫలము చెప్పినాడు. అందు కొన్ని పాళ్లు విశ్వాసమునకు చెందినవే కావచ్చును. కాని ముంచు ద్రవమును బట్టి గట్టిదనము మారునన్న మూలవిషయము నేటికిని చెక్కుచెదరలేదు.

అమెరికా పెరటి పనివారి కథకు తిరిగి వత్తము. సుత్తితో సాగగొట్టి కత్తి చేయువారు 1960ల నాటికి ఆ దేశమున వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే మిగిలిరి. వారిలో ఒకడు మేరీలాండు రాష్ట్రపు రైతుబిడ్డ మోరన్. ఇతడు 1973లో కత్తిపనివారి సంఘము జరిపిన ప్రదర్శనకు ఎవరును ఎదురుచూడని కొన్ని కత్తులు తెచ్చెను. వానిమీద నీటి అలలవంటి గీతలుండెను. రెండు రకముల ఉక్కును పొరలుగా పేర్చి, వెలిగారము చల్లి, తెల్లగా కాచి, సమ్మెటతో అతికి, మడచి, మరల అతికి చేసిన పని అది. ఏడు పొరలతో ఆరంభించి ఆరుమార్లు మడచినచో 448 పొరలగును. ఆమ్లములో ముంచగా ఒక ఉక్కు నల్లబడి రెండవది తెల్లగా నిలుచుటచే పొరలు కంటికి కనబడును. చూచినవారు దానిని డమాస్కస్ ఉక్కు అనిరి. 1976లో మోరన్ ముందు నిలిచి కొలిమిపనివారికి వేరుగా ఒక సంఘము స్థాపించెను. అందు చేరగోరు వాని కత్తికి పెట్టు పరీక్ష వినదగినది. వ్రేలాడుచున్న అంగుళము మందపు త్రాటిని ఒక్క వ్రేటుతో తెగగొట్టవలెను, కొయ్యదూలములను నరుకవలెను, అదే వాదరతో చేతి వెండ్రుకలు గొరగవలెను, కడపట కత్తిని పట్టుబల్లలో బిగించి తొంబది డిగ్రీలు వంచినను విరుగరాదు. గట్టిదనమును, సాగుడును ఒకే అలుగులో ఇమిడ్చినవాడే ఇందు నెగ్గును. గాజువంటి వాదర, వెదురువంటి వీపు అన్నమాట.

ఇక్కడనే మాకొక సందేహము కలిగినది. డమాస్కస్ పేరు మోయుచున్న ప్రాచీన ఖడ్గములు మడచి అతికినవి కావు. వాని మీది అలలు పొరలవలన వచ్చినవి కావు. ఒకే ముద్దనుండి సాగగొట్టిన ఉక్కులో, తనంతట తాను, లోపలినుండి పుట్టిన అలలు అవి. ఆ ముద్ద డమాస్కస్ నగరమున పుట్టినది కాదు. అరబ్బు, పారశీక దేశములకు అది హిందూదేశము నుండియే పోవుచుండెను. మన ఉక్కు అను మాట కన్నడమునను ఉన్నది. ఆ మాటయే ఆంగ్లేయుల నోట ఉట్జ్ అయినదని పండితులు చెప్పుదురు. ఆ ముద్దలు తయారైన ప్రసిద్ధ స్థలములలో ఒకటి గోదావరికి దక్షిణముననున్న మన కోనసముద్రము.

కోనసముద్రపు పనిని కండ్లార చూచి వ్రాసిపెట్టిన వాడు వాయిసీ అను వైద్యుడు. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను, భూగర్భ పరిశోధకుడుగను అతడు పనిచేసెను. 1824లో మరణించెను. అతని వ్రాతలను కలకత్తాలో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రిక 1832లో అచ్చువేసినది. ఒక రకపు ఇనుముతోనే అక్కడి పని జరుగలేదు. రెండు ఊళ్లనుండి వచ్చిన రెండు రకముల ఇనుమును మూడుకు రెండు పాళ్లలో కలిపి, మట్టిమూసలో పెట్టి, మూతవేసి, కొలిమిలో ఇరువదినాలుగు గంటలు తిత్తులతో ఊదుచుండిరి. చల్లారిన పిమ్మట మూస పగులగొట్టగా వచ్చు ముద్ద సుమారు పౌనున్నర బరువు. అది అప్పుడే సుత్తికి లొంగదు. దానికి మట్టి పూసి, మరల కొలిమిలో పండ్రెండు మొదలు పదునారు గంటలవరకు కాచి, చల్లార్చి, మరల కాచి, మూడు నాలుగు పర్యాయములు అట్లు చేసినగాని మెత్తబడదు. ఇంత దీర్ఘమైన ఓపికను ఒక ముద్దపై వెచ్చించిన కమ్మరుల పేర్లు మాత్రము ఆ వ్రాతలో మాకు కానరాలేదు. వారి ముంగిట కూర్చుండి సరుకు కొను పారశీక వర్తకుల ప్రసక్తి కలదు. తమ దేశమున ఇదే విధముగా చేయజూచి తాము విఫలులమైతిమని వారు వాయిసీతో చెప్పిరట. పద్ధతి దాచిన రహస్యమేమియు కాదు. చూచినవారు చూచిరి, వ్రాసికొన్నవారు వ్రాసికొనిరి. అయినను చేయరాలేదు.

ఇదే అనుభవము ఐరోపా పండితులకును ఎదురయినది. 1794లో బొంబాయినుండి స్కాట్ అను వైద్యుడు కొన్ని ఉక్కుముద్దలను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షునకు పంపెను. మరుసటి సంవత్సరమున పియర్సన్ అను శాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి ప్రసంగము చదివెను. లండనులో శస్త్రవైద్యుల పనిముట్లు చేయు స్టోడర్ట్ ఆ ఉక్కుతో చాకులు చేసి, ఐరోపాలోని ఏ ఉక్కుకంటెను దీనినే మేలైనదిగా ఎన్ని, తన దుకాణపు చీటీమీద అచ్చువేయించుకొనెను. ఆ స్టోడర్ట్‌తో చేతులు కలిపినవాడు, పిమ్మట విద్యుచ్ఛాస్త్రమున లోకప్రసిద్ధుడయిన మైకేల్ ఫారడే. ఫారడే తండ్రి కమ్మరి. ఆ కమ్మరి కొడుకు 1819లో మన ఉక్కును విశ్లేషించి, అందలి గుణము అల్యూమినియమునకు చెందిన పదార్థము వలన కలిగినదని తలచెను. అది పొరపాటు. కాని ఆ పొరపాటును వెంబడించుచు వారిద్దరును ఉక్కులో వెండి, ప్లాటినము మున్నగునవి కలిపి చేసిన పరీక్షలు మిశ్రమ ఉక్కుల శాస్త్రమునకు నాంది పలికినవి. పారిసు టంకశాలలో బ్రెయాన్ 1820ల ఆరంభమున అనేక పరీక్షలు చేసి, అందలి విశేషము అధికముగా నున్న కర్బనమే యని సరిగా గ్రహించెను. ఉరల్ పర్వతములలోని జ్లటవూస్తులో అనోసోవ్ దీర్ఘకాలము శ్రమించి 1841లో తన గ్రంథము ప్రకటించెను. ఇంతమంది మహనీయులు పూనుకొన్నను, అడిగినప్పుడెల్ల ఆ అలల ఖడ్గము చేసి యిచ్చు మార్గము స్థిరపడలేదు.

ఐరోపా కమ్మరులు తడబడిన చోటు ఒకటి సులభముగా తెలియుచున్నది. తమ ఉక్కును వారు తెల్లగా కాచి కొట్టుటకు అలవాటు పడియుండిరి. కోనసముద్రపు ముద్దలో కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాలుండును. దానిని తెల్లగా కాచి సమ్మెట వేసినచో ఇసుకముద్దవలె చెదరిపోవును. ఎఱుపుదాటనీయక, నెమ్మదిగా, ఎన్నో పర్యాయములు కాచి కొట్టవలెను. చేతికి వచ్చిన ఈ మెలకువను కాగితముమీద పెట్టుట ఎట్లు?

ఈలోగా మన దేశమున ఆ కొలిములు ఒక్కటొక్కటిగా చల్లారినవి. ఆంగ్లదేశపు ఉక్కు ఓడలమీద చౌకగా వచ్చి పడుచుండెను. బొగ్గుకు అడవులు అందుబాటు తప్పినవి. ఖడ్గముల కాలమే గడచి తుపాకుల కాలము వచ్చినది. తండ్రి చేయి పట్టి నేర్పినగాని కొడుకుకు రాని విద్య, ఒక్క తరము కొనుబడి తప్పినచో మరు తరమునకు మిగులదు. కోనసముద్రమున జరిగినది అదియే. పారశీకులకును పారిసువారికిని అందని విద్య తుదకు కన్న ఊరికిని అందకుండ పోయినది.

ఇప్పుడు ఫ్లారిడాకు మరల పోవలెను. అక్కడ పెండ్రే అను నొకడు గుఱ్ఱములకు లాడములు కొట్టుచు జీవించుచుండెను. తీరిక సమయమున తన కొలిమిలో కత్తులు చేయుట అతని అభిరుచి. మోరన్ స్థాపించిన సంఘమున పరీక్షలు నెగ్గి ఆచార్యపదము పొందినవాడు. మడచి అతికిన పొరలతో తృప్తిపడక, అసలు అలలను, అనగా మూసలో పుట్టిన అలలను, సాధింపవలెనని అతడు స్వయముగా మూసలు పెట్టి ఏండ్ల తరబడి ప్రయత్నించెను. 1980ల చివరినుండి అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయపు లోహశాస్త్రాచార్యుడు వెర్హోవెన్ అతనితో కలసెను. ఒకనిది చేయి, ఒకనిది సూక్ష్మదర్శిని. కొన్ని ముద్దలలో అలలు చక్కగా వచ్చుచుండెను; అవే పాళ్లు, అదే వేడి యుంచినను మరికొన్నిటిలో రాకుండెను. కారణము వెదకగా, అలలు వచ్చిన ముద్దలలో కెనడా దేశపు క్విబెక్ ఖనిజమునుండి వచ్చిన సోరెల్ అను ఇనుము కలిసియుండెను. ఆ ఇనుములో వనాడియము అను లోహము లేశమాత్రముగా నున్నది. స్విట్జర్లాండులోని బెర్న్ మ్యూజియము నుండి లభించిన ప్రాచీన ఖడ్గముల ముక్కలను పరీక్షింపగా వానిలోను అట్టి లేశములే కనబడినవి. లక్షపాళ్లలో నాలుగు పాళ్ల వనాడియము చాలును. పలుమార్లు కాచి కొట్టునప్పుడు కర్బనముతో కూడిన గట్టి కణములు చెదరిపోక వరుసలు తీరుటకు అది తోడ్పడును. ఆ వరుసలే కంటికి అలలు. 1998లో వారు సహచరునితో కలసి ఈ సంగతిని ప్రకటించిరి.

ఈ ఫలితము విన్న తరువాత మాకు కోనసముద్రపు రెండు రకముల ఇనుము గుర్తునకు వచ్చినది. ఏ ఊరి ఇనుము పడునో, ఏది పడదో వారికి తెలిసినది. ఎందువలన పడునో తెలియదు, తెలియవలసిన పనియు లేదు. ఆ ఊరి ఖనిజము అందకపోయిననాడు పద్ధతి యావత్తును తు.చ. తప్పక చేసినను అలలు రాకపోవును. వెర్హోవెన్ ఆ విద్య అంతరించుటకు ఇదియొక కారణమని ఊహించెను. మాకు ఇది పాక్షికసత్యముగా మాత్రమే తోచుచున్నది. కొనువాడు లేని సరుకుకు ఖనిజము దొరకినను చేయువాడు ఉండడు. అయితే పారశీకులు స్వదేశమున ఏల విఫలులైరో చెప్పుటకు ఇంతకంటె మంచి సమాధానము మేము వినలేదు.

పెండ్రే 2017లో మరణించెను. అప్పటికే పలు దేశములలో పెరటి కొలిములవారు ఆ పద్ధతిని పట్టుకొని మూసలు పెట్టుచుండిరి. ఇటు 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయము, బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ కలసి ఉత్తర తెలంగాణపు పల్లెలలో కాలినడకన తిరిగి, పాత కొలిముల జాడలను నమోదు చేసినవి. చేల గట్లవెంట చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు నేటికిని దొరకును.

పెండ్రే తన మూసలో ఇనుముతోను బొగ్గుతోను పాటు మరి రెండు వస్తువులు వేయుచుండెను. ఒకటి గాజుపెంకులు, అవి కరగి ముద్దపై మూతవలె నిలిచి గాలి తగులనీయవు. రెండవది పచ్చని ఆకులు. దక్షిణదేశపు కమ్మరులు మూసలో తంగేడు పుల్లలు, జిల్లేడు ఆకులు పెట్టుచుండిరని హీత్ అను ఆంగ్లేయుడు సేలము ప్రాంతమును గూర్చి 1839లో వ్రాసియుండెను. ఫ్లారిడాలో తంగేడు దొరకలేదు కాబోలు. పెండ్రే తన పెరటి చెట్ల ఆకులే కోసి వేసెనని మా ఊహ.